ఎడమ పక్క ఖాళీ

సాయంత్రం ఐదింటికి గోడను జడ్జి ముందు నిలబెడతారు. ఆ లోపు ఆరా చేయవలసిన పనులు ఇవి.

హాలును ఇంకోసారి చూడాలి, ఈసారి పోలీసులు చూపించింది కాకుండా.
ఛాంపియన్ భార్య చుట్టూ చుట్టాలు లేని ఒక పావుగంట దొరకబుచ్చుకోవాలి.
పోస్టర్ల ఫొటోగ్రాఫర్‌కు ఫోన్ చేయాలి.
గురువు పోలీసులకు చెప్పింది గురువు నోటనే మళ్లీ వినాలి.
గోడ చేత నోరు విప్పించాలి.
వీలైతే ఎక్కడో ఒక చోట ఏదైనా తినాలి.

చివరి పని మూడు రోజులుగా వాయిదా పడుతూనే వస్తోంది. ఈ రోజూ పడేట్టే ఉంది.

ఆరా అన్నది ఆమె సొంత పేరు కాదు. పదిహేనేళ్లుగా డిటెక్టివ్ పని చేస్తోంది. ఎవరింటి గడప తొక్కినా "ఆరా తీయడానికి వచ్చింది" అనేవారు. వాక్యం అరిగిపోయి మొదటి మాట ఆమెకు అంటుకుపోయింది.

గోడ అన్నదీ సొంత పేరు కాదు. అతను బాక్సింగ్ ఛాంపియన్‌కు సాధన జోడీ. రోజూ పొద్దున్నే రింగులోకి దిగి ఛాంపియన్ విసిరే గుద్దులన్నీ కాచుకోవడం అతని ఉద్యోగం. ఎన్ని తిన్నా కదలడు కాబట్టి గోడ అన్నారు. ఇద్దరూ కుర్రతనంలో ఒకే రొట్టెల బట్టీలో పనికి కుదిరిన వాళ్లు. ఒకడు పిండి పిసికేవాడు, ఇంకొకడు బస్తాలు మోసేవాడు. పిండి పిసికేవాడి మణికట్లు చూసి ఒక గురువు ఇద్దరినీ తన హాలుకు తీసుకుపోయాడు. పిసికినవాడు ఇరవై రెండేళ్లకే టైటిల్ గెలిచాడు, ఏడాదికే పోగొట్టుకున్నాడు, మళ్లీ గెలిచి ఆ తర్వాత తొమ్మిదేళ్ల పాటు బెల్టును ఎవరి చేతికీ ఇవ్వలేదు. మోసినవాడు మోస్తూనే ఉన్నాడు.

మూడు రోజుల క్రితం పొద్దున ఆరున్నరకు సాధన ముగిసింది. హాల్లో ఛాంపియన్, గోడ, గురువు తప్ప ఎవరూ లేరు. కాసేపటికి ఛాంపియన్ రింగు మెట్ల కింద పడి ఉన్నాడు. ఎడమ కనుబొమ మీద ఎముక చిట్లింది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. తను చూసేసరికే పడి ఉన్నాడని గురువు పోలీసులకు చెప్పాడు. గోడ చేతుల నిండా రక్తం. పైగా ముందు రోజు సాయంత్రం ఇద్దరూ గొడవపడ్డారు. "నువ్వు ఆపకపోతే నేనే ఆపిస్తా" అని గోడ అరవడం వీధిలో సగం మంది విన్నారు. ఎన్నాళ్లు గుద్దులు తిన్నా సొంతంగా ఒక్క పెద్ద పోటీ దక్కలేదన్న కడుపుమంటతో గోడే కొట్టి చంపాడని పోలీసులు తేల్చేశారు.

గోడ మాత్రం ఒక్కటే మాట పట్టుకుని కూర్చున్నాడు. "నేను కొట్టలేదు." మరి ఎలా జరిగిందని అడిగితే తల దించుకుంటాడు.

గోడ అక్క దర్జీ దుకాణంలో కాజాలు కుడుతుంది. ఆమె వచ్చి ఆరా ఎదుట కూర్చుని, "వాడు దోమను కూడా సరిగ్గా కొట్టడు మేడమ్. తగులుతుందేమోనని వాడికి భయం" అంది. ఆ మాటకే ఆరా కేసు తీసుకుంది.

ఆరా వెళ్లేసరికి హాలు తలుపుకు వేసిన సీలు తీసి ఉంది. లోపల ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కూర్చుని ఫ్లాస్కు మూతలో కాఫీ తాగుతున్నాడు. రెండేళ్ల క్రితం అతను జైల్లో పెట్టించిన ఒక మనిషి నిర్దోషి అని ఆరా తేల్చింది. అతనికి రావలసిన ప్రమోషన్ ఆ దెబ్బతో ఆగిపోయింది. అప్పటి నుంచి ఆమె కనబడితే చాలు, అతనికి కాఫీలో చక్కెర తగ్గినట్టుంటుంది.

"రండి మేడమ్. చీపురు తెచ్చుకున్నారా? నేల ఊడ్చి ఏమైనా దొరుకుతుందేమో చూస్తారని తలుపు తీయించా."

"మీరు ఊడవాల్సింది మీరే ఊడ్చేసి ఉంటారుగా. మిగిలింది చూసి పోతాను."

"చూడండి, చూడండి. పన్లో పని, ఐదింటికి కోర్టుకి కూడా రండి. ముందు వరసలో కూర్చోబెడతా."

ఆరా గుమ్మంలోనే నిలబడిపోయింది. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె రక్తపు మరక వైపే చూసింది. ఈసారి మరక వదిలేసి హాలు మొత్తాన్ని చూసింది.

కుడి గోడ కిక్కిరిసి ఉంది. తువ్వాళ్ల కొక్కేలు, నీళ్ల సీసాల అర, అద్దం, వేలాడే బరువు సంచీలు, తూకపు యంత్రం, బల్లలు, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఎడమ పక్క ఏమీ లేదు. గుమ్మం నుంచి రింగు దాకా, రింగు నుంచి స్నానాల గది దాకా, మేకు కూడా లేని ఖాళీ గోడ. చోటు లేక ఇరుక్కునే హాల్లో సగం ఎందుకు వదిలేశారు?

ఆమె చెప్పులు విడిచి రింగులోకి ఎక్కింది. కింద పరచిన గుడ్డ ఒక వైపే అరిగింది. నిండు చక్రం కాదు, కొడవలి వంపు. ఇద్దరు మనుషులు ఎప్పుడూ ఒకే దిక్కుకు తిరుగుతూ తొక్కినట్టు.

"డాన్సు నేర్చుకుంటున్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నేర్పేవాళ్లుంటే నేర్చుకుంటా. ఆ స్టాండు అక్కడ ఎందుకుంది?"

రింగు మెట్ల పక్కన, ఎడమ వైపు, బంతి స్టాండు ఉంది. మనిషెత్తు ఇనుప కడ్డీకి పైన అడ్డంగా ఒక చెయ్యి, దానికి వేలాడే చిన్న తోలు బంతి. ఆ బంతిని గుద్దుతూ చేతుల వేగం పెంచుకుంటారు. ఎడమ పక్క మొత్తానికి ఉన్న సామాను అదొక్కటే.

"బాక్సింగ్ హాల్లో బంతి స్టాండు ఉండక ఇస్త్రీ పెట్టె ఉంటుందా?"

ఆరా మోకాళ్ల మీద కూర్చుంది. స్టాండు కాళ్ల కింద రబ్బరు చాప నున్నగా ఉంది. అదే కుడి గోడ దగ్గర, బరువు సంచీల మధ్య, చాపలో నాలుగు లోతైన గుంటలు ఉన్నాయి. ఆ నాలుగింటి మధ్య దూరం, ఈ నాలుగు కాళ్ల మధ్య దూరం ఒక్కటే. ఏళ్ల తరబడి అక్కడ ఉన్న స్టాండును ఈ మధ్యే ఎవరో ఇటు తెచ్చారు. ఆమె ఇనుప చెయ్యి మీద వేలు నడిపించింది. మొదలు నుంచీ అంతా తుప్పు, చెమట జిడ్డు. చివర జానెడు మేర మాత్రం తోమిన గిన్నెలా ఉంది.

అక్కడున్న కానిస్టేబుళ్లలో బాగా పొడుగున్న మనిషిని ఆమె పిలిచింది.

"బాబూ, ఒకసారి రింగు ఎక్కి, మామూలుగా దిగి, స్నానాల గది వైపు నడువు."

అతను ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ కానివ్వు అన్నట్టు చెయ్యి ఊపాడు. కానిస్టేబుల్ మెట్లు దిగి రెండడుగులు వేసి, తల పక్కకు తిప్పుకుని, స్టాండును చుట్టి వెళ్లాడు.

"ఎందుకు చుట్టి వెళ్లావు?"

"తలకి తగులుతుంది కదమ్మా. సరిగ్గా ఇక్కడికొస్తుంది." అతను ఎడమ కనుబొమ తడుముకున్నాడు. తడుముకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ ఫ్లాస్కు మూత బిగించాడు. "అయితే ఏంటి మేడమ్? ఛాంపియన్ తానే వెళ్లి గుద్దుకున్నాడంటారా? కళ్ల ముందున్న ఇనుప కడ్డీకి? ఎదుటివాడి పిడికిలి రెప్పపాటులో తప్పించుకునే మనిషి?"

"అదే నేనూ ఆలోచిస్తున్నా."

"ఆలోచించండి. ఐదింటిదాకా టైముంది. అదే గుద్దుకుని ఉంటే గోడ ఆ మాటే చెప్పొచ్చుగా. నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు ఎందుకు కూర్చున్నాడు?"

మొదటిసారి ఇన్‌స్పెక్టర్ పనికొచ్చే ప్రశ్న వేశాడని ఆరా మనసులో ఒప్పుకుంది.

ఛాంపియన్ ఇల్లు ఒక మందుల దుకాణం పైన మూడు గదులు. పరామర్శకు వచ్చినవాళ్లు భోజనాలకు వెళ్లారు. అతని భార్య ఒక్కతే ఉంది. ఎవరో ఉతికి ఇచ్చిన దుప్పట్లను మడత పెడుతోంది. ఆరాకు కుర్చీ వేసి, వద్దన్నా వినకుండా టీ తెచ్చింది. తెచ్చిన మనిషి దగ్గర దారిలో నేరుగా రాకుండా, బల్ల చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చి గ్లాసు పెట్టింది. పెట్టాక తనే ఒక క్షణం ఆ గ్లాసు వైపు చూసింది.

గోడ మీద ఫొటోలు. బెల్టు గెలిచిన ఫొటో, బెల్టు నిలబెట్టుకున్న ఫొటోలు, సన్మానాలు. పాత వాటిలో ఆమె ఒకసారి ఇటు, ఒకసారి అటు నిలబడింది. కొత్త వాటన్నిటిలో అతని ఎడమ పక్కనే ఉంది, అతని చేయి పట్టుకుని.

"ఆయన ఎడమ కన్ను ఎప్పుడు పోయిందమ్మా?" అని అడిగింది ఆరా.

దుప్పటి మడత సగంలో ఆగింది. ఆమె కాదనడానికి నోరు తెరిచింది. అప్పటికే మూడు రోజులుగా అందరితో ఏదో ఒకటి కాదంటూనే ఉంది. ఇక ఓపిక లేనట్టు నేల మీదే కూర్చుండిపోయింది.

"రెండేళ్లయిందక్కా. పోటీ గెలిచి ఇంటికొచ్చి, లైటు ఎవరో సగం ఆర్పేశారన్నాడు. పొద్దున్నకి ఆ పక్క మొత్తం చీకటే. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు బెల్టు కోసం దిగాడు. రెండూ గెలిచాడు."

"కళ్ల పరీక్ష పెడతారు కదా పోటీకి ముందు?"

"గోడ మీద అక్షరాల పట్టిక ఉంటుంది. అది నేనే నేర్పించా. కూరలు తరుగుతూ ఒకటో వరస, గిన్నెలు తోముతూ రెండో వరస. బళ్లో ఒక్క పద్యం రాని మనిషికి ఆ అక్షరాలు మాత్రం నిద్రలో లేపినా వచ్చేవి." ఆమె నవ్వబోయింది, కుదరలేదు. "డాక్టరు మెచ్చుకున్నాడట, మీ చూపు డేగ చూపని."

"ఇంకెవరికి తెలుసు?"

"గురువుగారికి. మా మరిదికి, అదే గోడకి. వాడు వరసకి మరిది కాడనుకోండి, అంతకంటే ఎక్కువ. మేం ముగ్గురమే. హాల్లో ఎడమ పక్క సామాను మొత్తం గురువుగారే తీయించేశారు, ఈయన దేనికీ తట్టుకోకుండా. సాధనలో ఎడమ వైపు నుంచి గుద్దు వేయకూడదని మా మరిదికి ఆర్డరు. వాడు రెండేళ్లు అట్లాగే ఆడాడు. బయట నా చేయి పట్టుకునేవాడు, ఇంట్లో ఏదైనా కుడి పక్కనే పెట్టేదాన్ని. మూడు నెలల క్రితం దీనికి విసుగొచ్చిందాయనకి. ప్రెస్ మీటింగు పెట్టి అంతా చెప్పేసి మానేస్తానన్నాడు. మళ్లీ మనసు మార్చుకుని, ఇంకో పోటీ ఆడి మానేస్తా అనేవాడు. అందుకే మా మరిది అరిచాడు ఆ సాయంత్రం, నువ్వు ఆపకపోతే నేనే ఆపిస్తానని. ఈయన సరే అన్నాడు. మర్నాడు పది గంటలకి మీటింగు. నిజం చెప్పేద్దామనుకున్నాడు."

ఆరా కళ్ల ముందు హాలు మళ్లీ మెదిలింది. ఎడమ పక్క ఖాళీగా ఉంటుందన్న నమ్మకంతో తలెత్తకుండా మెట్లు దిగే మనిషి. అతనికి చీకటిగా ఉన్న ఒకే ఒక్క దిక్కున, తల ఎత్తులో, ఒక ఇనుప చెయ్యి.

"స్టాండుకి గుద్దుకున్నాడని గోడ చెప్పొచ్చు. చెబితే కనపడలేదా అని అడుగుతారు. అందుకే నోరు విప్పట్లేదు."

"ఈయన మా ముగ్గురితో ఒట్టు వేయించుకున్నాడక్కా. తను చెప్పేదాకా మేం చెప్పకూడదని. చెప్పకుండానే పోయాడు. నిన్న గురువుగారు వచ్చి, ఇప్పుడు బయటపెడితే చివరి రెండు బెల్టులూ తీసేసుకుంటారు, బతికినన్నాళ్లూ మోసం చేశాడంటారు, నోరు మూసుకో తల్లీ అన్నారు."

"మూసుకుంటే మీ మరిది హంతకుడవుతాడు."

ఆమె చాలాసేపు దుప్పటి అంచు సరిచేసింది. అది ఎప్పుడో సరిగ్గానే ఉంది. "ఐదింటికే కదా కోర్టు," అంది చివరికి. "నేనొస్తా. నేనే చెప్తా."

ఆరా మెట్లు దిగుతూనే ఫొటోగ్రాఫర్‌కు ఫోన్ చేసింది. ప్రెస్ మీటింగుకు ముందు కొత్త ఫొటోలు తీయవలసింది అతనే.

"స్టాండు జరపమని మీరేమైనా చెప్పారా?"

"నేను ఆ హాలుకి వెళ్లనే లేదండీ. ముందు రోజు రాత్రే గురువుగారు ఫోన్ చేశారు. రేపు రావొద్దు, మీటింగు వారం పది రోజులు పోస్ట్‌పోన్ అవుతుంది అన్నారు. ఛాంపియన్‌కి ఒంట్లో బాగాలేదన్నారు. పొద్దున్నే ఆయన పోయాడని విని, అయ్యో, అందుకేనా అనుకున్నా."

ఆరా మెట్ల మీదే ఆగిపోయింది. ముందు రోజు రాత్రి ఛాంపియన్ నిక్షేపంలా ఉన్నాడు. మీటింగు ఆగిపోయే కారణం మర్నాడు ఆరున్నరకు గానీ పుట్టలేదు. అది రాబోతోందని ముందే తెలిసిన మనిషి ఒక్కడున్నాడు.

గురువు ఇంటి పెరట్లో ఉన్నాడు. రెండు తీగల మీద పొడవాటి గుడ్డ పట్టీలు ఆరేసి ఉన్నాయి. గ్లవ్స్ తొడుక్కునే ముందు బాక్సర్లు చేతులకు చుట్టుకునేవి. ఆరిన వాటిని ఆయన ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటీ గట్టిగా చుడుతున్నాడు. చప్పిడైన ముక్కు, కనుబొమల మీద పాత కుట్ల గీతలు. డెబ్బై ఏళ్లుంటాయి. వేళ్లు మాత్రం కుర్రవాడివి.

"కూర్చోండి మేడమ్. తడి లేని కుర్చీ అదొక్కటే."

"బంతి స్టాండు కుడి గోడ దగ్గర్నుంచి ఎడమ పక్కకి ఎట్లా వచ్చింది గురువుగారూ?"

"అదా. ఫొటోలకి వెలుతురు అడ్డమని ఫొటోగ్రాఫర్ జరపమన్నాడు."

"రావొద్దని మీరు చెప్పిన ఫొటోగ్రాఫరా?"

ఆయన వేళ్లు ఆగలేదు. చుట్టడం పూర్తి చేసి, దాన్ని పక్కన పెట్టి, ఇంకోటి అందుకున్నాడు. ఆ రెండోది మాత్రం చుట్టుకోలేదు. చేతిలో ఊరికే వేలాడింది.

"ఎవర్నీ ఊరికే తిప్పించడం నాకు చేతకాదు మేడమ్," అన్నాడు. "ఆ డబ్బాలు, లైట్లు మోసుకుని అంత దూరం వస్తాడు. వచ్చాక లేదు పొమ్మంటే పాపం కదా అనిపించింది. అంత తెలివితక్కువ వాణ్ణి."

"మీటింగు ఆగిపోతుందని మీకెట్లా తెలుసు?"

"కనుబొమ తెగితే అన్నీ ఆగుతాయి. పోటీ ఆగుతుంది, ఫొటో ఆగుతుంది. మొహం మీద కుట్లతో కెమెరా ముందు ఎవడు కూర్చుంటాడు? మా లోకంలో అది దెబ్బ కాదు మేడమ్, సెలవు చీటీ. నాలుగు కుట్లు, పది రోజుల విశ్రాంతి. నా మొహం మీద ఎన్నున్నాయో చూడండి. గట్టి పోటీ ముందుంటే, ఒంట్లో శక్తి లేకపోతే, మేం కావాలనే గోక్కున్న రోజులున్నాయి."

ఆయన ఇప్పుడు ఆమె వైపు చూడటం లేదు.

"వాడు నిజం చెప్పేస్తానన్నాడు. చెబితే వాడి బెల్టులు పోతాయి, నా లైసెన్సు పోతుంది, హాలు మూతపడుతుంది. పది రోజులు దొరికితే మనసు మార్చుకోగలనని... మూడో రౌండులో వాళ్లు రింగులో ఉండగా స్టాండు జరిపా. కొంచెం గీసుకుంటాడు అనుకున్నా. వాడు ఎప్పుడూ నెమ్మదిగానే దిగేవాడు, ఆ వేళ ఉత్సాహంగా ఉన్నాడు. పరిగెత్తుకుంటూ దిగాడు. గోడ పైనుంచి చూసి అరిచాడు. నేనూ అరిచా."

"ఇరవై ఏళ్లు గుద్దులు తిన్న తల అది గురువుగారూ."

"ఆ తలని నాకంటే ఎక్కువ ఎరిగినవాడు లేడు. అది ఎన్ని గుద్దులు తట్టుకుంటుందో నాకు తెలుసనుకున్నా. అందులో ఇంకేం మిగిలిందో ఎప్పుడూ అడగలేదు." ఆయన లేచాడు. లోపలికి వెళ్లి మేకుకున్న తెల్ల చొక్కా తీసుకుని వచ్చాడు. "కడ్డీ తుడిచింది నేనే. పొద్దున గోడకి అన్నం పట్టుకెళ్లి అంతా చెప్పేశా. సాయంత్రానికి నేనే వచ్చి లొంగిపోతా, నిన్ను విడిపిస్తా అన్నా. పదండి, వెళ్దాం."

ఒక చేయి చొక్కాలో దూర్చాడు. అప్పుడే ఆరా ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టర్. అతని గొంతులో చక్కెర సరిపోయింది.

"మేడమ్, మీరు పెద్దగా కష్టపడొద్దు. మీవాడు ఒప్పేసుకున్నాడు. తనే కొట్టి చంపానని రాసిచ్చి సంతకం పెట్టాడు. ఎవరూ చెయ్యి వేయలేదు, తనే పెన్ను అడిగాడు."

పెరడు చిన్నది. ఫోన్‌లో ప్రతి మాటా గురువుకు వినిపించింది.

ఆయన కదలకుండా నిలబడ్డాడు. చొక్కా ఒక చేతికి ఉంది, ఇంకో చేయి గాల్లో ఉంది. ఆరా ఆయన మొహంలోకే చూస్తోంది. మొదట అక్కడ భయం ఉంది. తర్వాత సిగ్గు వచ్చింది. ఆ తర్వాత, నెమ్మదిగా, తనకు తెలియకుండానే, ఊపిరి పీల్చుకున్న మనిషి మొహం అయింది. ఆయన చొక్కాలోంచి చేయి తీశాడు. లోపలికి వెళ్లి దాన్ని మళ్లీ మేకుకు తగిలించి వచ్చాడు.

"గురువుగారూ."

"మీరు ఇందాక విన్నవేవీ నేను అనలేదు మేడమ్," అన్నాడు ఆయన, తడి లేని గొంతుతో. కుర్చీలో కూర్చుని పట్టీ చుట్టడం మొదలుపెట్టాడు.

స్టేషన్‌లో గోడను అప్పటికే బయటి బెంచీ మీద కూర్చోబెట్టారు. అంత పెద్ద మనిషి బెంచీ చివర, పక్కవాడికి చోటు ఇవ్వాలన్నట్టు, ఒదిగి కూర్చున్నాడు. పక్కన ఎవరూ లేరు.

"ఐదు నిమిషాలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఏడిపించకండి, కోర్టుకి కళ్లు తుడుచుకుని వెళ్లాలి."

ఆరా గోడ పక్కన కూర్చుంది. "ఎందుకు రాసిచ్చావు?"

"గురువుగారు పొద్దున నా చేయి పట్టుకుని ఏడ్చాడు మేడమ్. ఆయన కంట్లో తడి నేనెప్పుడూ చూళ్లేదు."

"లొంగిపోతానన్న ఆ మనిషి చొక్కా మళ్లీ మేకుకి తగిలించాడు. రావట్లేదు. నువ్వు సంతకం పెట్టావని విని ఆగిపోయాడు."

గోడ కాసేపు తన పిడికిళ్లను చూసుకున్నాడు. పెదవి ఒక పక్కకు సాగింది. అది నవ్వే.

"అనుకున్నా. వెనకడుగు ఎప్పుడు వేయాలో మాకు నేర్పిందే ఆయన."

"తెలిసే ఇచ్చావా?"

"ఆయన లోపలికెళ్తే హాలుకి తాళం పడుతుంది. బట్టీల్లోంచి, డిపోల్లోంచి ఆ హాలుకి వచ్చేవాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు మేడమ్. వాళ్లెక్కడికి పోతారు? ఇంకోటి. నేను కొట్టానంటే ఛాంపియన్ ఛాంపియన్‌గానే పోయాడు. కన్ను సంగతి ఎవరూ అడగరు. బెల్టులు వదిన గోడ మీదే ఉంటాయి. నాకంటారా, దెబ్బ తినడం నా ఉద్యోగమేగా."

"ఇది సాధన కాదు. ఇందులో గంట కొట్టి ఆపేవాడెవడూ ఉండడు. పద్నాలుగేళ్లు పడొచ్చు, ఇంకా ఎక్కువే పడొచ్చు. మీ అక్కకి ఏం చెప్పమంటావు?"

ఆ మాట తగలవలసిన చోట తగిలింది. అతని భుజాలు ఒక్కసారి కిందికి జారాయి.

"అక్కకి మీరే ఏదో ఒకటి చెప్పండి," అన్నాడు. "నమ్మేలా చెప్పండి. నేను చెబితే అక్క నమ్మదు."

"చెప్పను. నీ అబద్ధం నేను మోయను. మీ వదిన కోర్టుకి బయల్దేరింది, కన్ను సంగతి చెప్పడానికి. ఫొటోగ్రాఫర్‌ని రప్పిస్తున్నా. స్టాండు కాళ్ల గుంటలు చాపలోనే ఉన్నాయి. నువ్వు నోరు తెరవకపోయినా నిన్ను బయటికి లాగుతా."

గోడ మొదటిసారి కంగారుపడ్డాడు. లేవబోతే కానిస్టేబుల్ భుజం నొక్కాడు. "వదినని ఆపండి మేడమ్. దండం పెడతా. వాడికి మిగిలింది ఆ పేరొక్కటే."

"నీకేం మిగిలింది?"

అతను బెంచీ చివరకు ఇంకాస్త ఒదిగాడు.

వ్యాను కోర్టు గేటు దగ్గరికి వచ్చేసరికి ఐదుకు పది నిమిషాలుంది. ఆరా వెనకే ఆటోలో వచ్చి దిగింది. గేటు లోపల మెట్ల మీద ఛాంపియన్ భార్య నిలబడి ఉంది. చేతిలో గుడ్డ సంచీ. సంచీ లోంచి ఒక బెల్టు తోలు పట్టీ బయటికి వేలాడుతోంది. తీసేసుకుంటారన్న రెండు బెల్టులూ తనే పట్టుకొచ్చింది, ఇచ్చేయడానికి.

వ్యాను తలుపు తెరిచారు. గోడ వంగి దిగి తలెత్తి ఆమెను చూశాడు. సంచీని చూశాడు. బేడీలున్న రెండు చేతులూ ఛాతీ దాకా ఎత్తి, వద్దని తల అడ్డంగా ఊపాడు. ఆమె కూడా తల ఊపింది, నిలువుగా. తర్వాత అతనికి వీపు చూపించి, అతని కంటే ముందు, మెట్లెక్కడం మొదలుపెట్టింది.

"ఎవరావిడ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని గొంతులో మొదటిసారి తడబాటు వినిపించింది. "ఏం చెప్పడానికొచ్చింది?"

ఆరా మెట్ల పైనున్న కోర్టు హాలు తలుపు వైపు చూసింది. ఆ తలుపు అవతల ఒక ఆడమనిషి చెప్పే నిజం, ఒక మగమనిషి సంతకం పెట్టిన అబద్ధం ఎదురెదురుగా నిలబడబోతున్నాయి. జడ్జి బల్ల మీద సంతకం ఉన్న కాగితం ఒక్కటే ఉంది.

చదువుతున్న వాళ్లకు ఒక మనవి. ఆ సాయంత్రం కోర్టులో ఎవరి మాట నెగ్గినా, మర్నాడు పత్రికలు ఏ మాట అచ్చు వేసినా, వాటిని కాసేపు పక్కన పెట్టండి. ఛాంపియన్ బొమ్మ మీరు ఎక్కడో ఒక చోట చూసే ఉంటారు. అతని ఎదుట నిలబడినవాడి బొమ్మ ఎవరూ వేయలేదు. రెండేళ్ల పాటు ప్రతి పొద్దునా, స్నేహితుడికి కనపడని వైపు నుంచి ఒక్క గుద్దు కూడా విసరని మనిషి ఒకడు ఉన్నాడు. అతణ్ని గోడ అనేవారు. అతణ్ని గుర్తుపెట్టుకోండి.